‘సార్టాన్లు అన్నీ ఒకటే’ అన్నది అబద్ధం

వెంకటాచలంలో ఎదురైన రక్తపోటు రోగులు తరచూ చెప్పే మాట: “టెల్మిసార్టాన్ లేదని లోసార్టాన్ ఇచ్చారు డాక్టరుగారూ, రెండూ ఒకటేనట.” ఈ ‘ఒకటే’ అన్న మాటను నేను ఖండిస్తున్నాను.

యాంజియోటెన్సిన్-2 అనే హార్మోను రక్తనాళాలను బిగిస్తుంది. దాని గ్రాహకాలను రెండు మందులూ అడ్డుకుంటాయి. పోలిక అంతవరకే. టెల్మిసార్టాన్ అర్ధాయువు సుమారు 24 గంటలు. లోసార్టాన్‌కు 2 గంటలే. కాలేయంలో దాని నుండి తయారయ్యే చురుకైన పదార్థానికి 6 నుండి 9 గంటలు. అందుచేత లోసార్టాన్ కొందరికి రోజుకు రెండుసార్లు అవసరమవుతుంది. అది యూరిక్ ఆమ్లాన్ని కూడా తగ్గిస్తుంది. టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములకు లోసార్టాన్ 40 సమానమని లెక్కగట్టరాదు.

అంతకంటె ప్రమాదకరమైనది, ఇంట్లో మిగిలిన పాత మాత్రను కొత్తదానితో కలిపి మింగడం. టెల్మిసార్టాన్‌కు రామిప్రిల్ జతచేస్తే అదనపు మేలు లేకపోగా మూత్రపిండాలకు హాని పెరిగిందని 2008లో ఆన్‌టార్గెట్ పరిశోధన తేల్చింది. గర్భిణులకైతే ఈ మందులన్నీ నిషిద్ధమే. శిశువు ప్రాణానికే ముప్పు.

కనుక మాత్ర మార్చవలసినది వైద్యుడే. పాత షీటు వెంట తీసుకువెళ్లండి. మార్చిన కొద్ది వారాలకు రక్తపోటు, క్రియాటినిన్, పొటాషియం పరీక్షించమని అడగండి. అడగడం మీ హక్కు. ‘ఒకటే’ అని ఊరుకోవడం మాత్రం మీకే నష్టం.