ముందు మీటరు... తర్వాతే కొత్త బోర్డు!

ఆనందపురంలో ఓ ఇంట్లో ఫ్రిజ్ చల్లబడటం లేదనుకోండి. వచ్చిన మెకానిక్ వెనక్కి తొంగిచూసి ‘బోర్డు పోయింది, మార్చాల్సిందే’ అనేస్తాడు. వేలల్లో ఖర్చు. మార్చాక కూడా చల్లబడకపోతే? పోయింది చిన్న సెన్సరే కావచ్చు.

మీరైతే ముందు మల్టీమీటర్ తీయండి. 230 వోల్టుల కరెంటు సరిగా వస్తోందా? కనెక్టర్లకు తుప్పు పట్టిందా? మనది సముద్రపు గాలి మరి! ప్లగ్ తీసి సెన్సర్ రెసిస్టెన్స్ చూడండి. సాధారణంగా చలి పెరిగేకొద్దీ అదీ పెరగాలి. ఫ్యాన్, కంప్రెసర్ వైండింగ్ బాగుంటేనే బోర్డును అనుమానించండి. ప్లగ్ తీశాక కూడా ఇన్వర్టర్ బోర్డు కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా ఉండొచ్చు, జాగ్రత్త.

డిగ్రీ చదివి ఇదేం పని అనకండి. ఐటీఐలో రెండేళ్ల రిఫ్రిజిరేషన్ ట్రేడ్ ఉంది. బోర్డు ఎవరైనా మారుస్తారు. ఎందుకు పోయిందో చెప్పగలిగితేనే మళ్లీ మీకే ఫోన్ వస్తుంది.