మొహం ఒక్కటే మనిషా?

పెళ్లిళ్ల సీజన్లో మా రాజాం ఫొటోగ్రాఫర్లకు ఎక్కువగా వినబడే మాట: ‘ఎనకాలంతా బ్లర్ సేసీ బాబూ!’ అడిగేవాళ్లను తప్పుపట్టలేం. 2016లో ఐఫోన్ 7 ప్లస్‌తో వచ్చిన పోర్ట్రెయిట్ మోడ్ ఇప్పుడు చాలామంది ఫోన్లలో ఉంది. వెనక మసకబారితేనే మంచి ఫొటో అనే నమ్మకం బలపడింది.

ఫోన్లో ఆ మసక చాలావరకు సాఫ్ట్‌వేర్ వేసే లెక్క. అందుకే జడ అంచున, జూకాల దగ్గర తడబడుతుంది. పెద్ద కెమెరాలో మాత్రం అది అపెర్చర్ పని. అపెర్చర్ అంటే లెన్సులోంచి వెలుతురు వచ్చే కన్నం. దాని ఎఫ్ నంబరు తగ్గేకొద్దీ కన్నం పెద్దదవుతుంది, ఫోకస్‌లో ఉండే మేర తగ్గిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 85 ఎంఎం లెన్సు పెట్టి, ఎఫ్/1.8లో 2 మీటర్ల నుంచి తీస్తే ఆ మేర సుమారు 6 సెంటీమీటర్లు. ఒక మీటరు దూరానికి వస్తే ఒకటిన్నర సెంటీమీటరు లోపే. కన్ను తేటగా ఉంటుంది, చెవి చెరిగిపోతుంది. అదే 2 మీటర్ల నుంచి ఎఫ్/5.6లో తీస్తే సుమారు 18 సెంటీమీటర్లు దొరుకుతుంది. మొహమంతా నిలుస్తుంది.

జీలకర్ర బెల్లం పెట్టే వేళ కెమెరా పెళ్లికొడుకు వైపు ఏటవాలుగా ఉంటే పెళ్లికొడుకు ముందు, పెళ్లికూతురు వెనక పడతారు. ఎఫ్/1.8లో తీశారా, ఒక్కరికే పెళ్లయినట్టుంటుంది. కొంచెం వెనక్కి జరిగి ఎఫ్/5.6 పెట్టి, వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) పెంచుకోవాలి. కాస్త గరుకుగా వచ్చినా ఇద్దరూ ఉంటారు. రెండు వరసల కుటుంబానికి ఎఫ్/8 మేలు.

పెళ్లిళ్లలోనే కాదు, మనకు దగ్గర్లో ఖాదీ తయారయ్యే పొందూరులోనూ అంతే. అక్కడ రాట్నం తిప్పే అవ్వను ఎఫ్/1.8లో దగ్గరగా తీస్తే ముడతలు పడ్డ మొహం ఒక్కటే మిగులుతుంది. కొంచెం వెనక్కి జరిగి ఎఫ్/8లో తీస్తే రాట్నం, ఏకు, దారం లాగే వేళ్లు అన్నీ కనిపిస్తాయి. అప్పుడే ఆమె ఎవరో తెలుస్తుంది.

ఈ తగువు పాతదే. 1860లలో జూలియా మార్గరెట్ కామెరాన్ మసకతోనే గొప్ప పోర్ట్రెయిట్లు తీసింది. 1932లో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ తదితరులు అంతా స్పష్టంగా ఉండాలంటూ తమ బృందానికి ఎఫ్/64 అనే చిన్న కన్నం పేరే పెట్టుకున్నారు. నేనూ బ్లర్‌కు శత్రువును కాను. పాలకొండ రోడ్డు మీద ఫ్లెక్సీలు, కరెంటు తీగలు వెనక పడుతుంటే కన్నం పూర్తిగా తెరవమనే చెబుతాను. కానీ వెనక ఉన్నది మన అరుగు, మన పందిరి, మన చుట్టాలు అయితే వాళ్లను చెరిపే హక్కు లెన్సుకు ఇవ్వకూడదు.

స్పష్టంగా తీసినదాన్ని తర్వాత కంప్యూటర్లో మసక చేసుకోవచ్చు. మసకలో కలిసిపోయిన తాతయ్యను మాత్రం ఏ కంప్యూటరూ ఉన్నది ఉన్నట్టు తేలేదు. అందుకే ఈసారి ఫొటోగ్రాఫరును అడగండి: ప్రతి ఘట్టంలో ఒక్క ఫొటో అయినా ఎఫ్/8లో తీయమని.