ప్రజాగాయకుని పాట - పండితుల బాధ్యత

2023 ఆగస్టు 6వ తేదీన గద్దరుగారు దివంగతులైరి. ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగెను. 2024లో తెలంగాణ ప్రభుత్వము ఆయన పేర చలనచిత్ర పురస్కారములను ప్రకటించి, 2025లో ప్రదానము గావించెను. 1995 నాటి ‘ఒరేయ్ రిక్షా’ చిత్రములోని తన గీతమునకు లభించిన నంది బహుమతిని నిరాకరించిన కవి పేరనే నేడు బహుమతులు వెలయుట విధివిలాసము! గౌరవము జరిగినది, సంతోషమే. కాని ఆ పాటను మనము శాస్త్రీయముగ పరిశీలించితిమా?

గేయమును కాగితముపై నుంచి, పద్యమునకు వలె అర్థతాత్పర్యములు చెప్పి ముగించుట మన పండితుల వాడుక. ఈ పద్ధతి గద్దరు పాటకు చాలదు. 1949లో మెదకు జిల్లా తూప్రానులో జన్మించిన గుమ్మడి విఠల్‌రావుగారు బుఱ్ఱకథ, ఒగ్గుకథ, జోలపాట, నాట్లపాట మున్నగు వరుసలను జననాట్యమండలి వేదిక కెక్కించిరి. భుజమున గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేత కఱ్ఱ, వెనుక వంతపాట - ఇవి యన్నియు పాటలోని భాగములే. వరుస ముందే తెలిసినదగుటచే శ్రోత క్షణములో పల్లవి నందుకొనును; పాట నడుమ మాట వచ్చును; ఆ మాటలో ఆ యూరి కష్టము చేరును. ఇట్లు ఊరూర మాఱెడి పాటకు అచ్చుపుస్తకములోని పాఠము ఒక్కటియే ప్రమాణ మెట్లగును?

కర్తృత్వ విషయము మఱింత చిక్కైనది. ‘మా భూమి’ చిత్రములో గద్దరుగారు పాడిన పాట నిజాము దొరతనము నెదిర్చిన సాయుధ పోరాటకాలమున బండి యాదగిరిగారు కట్టినది. జనులలో పలువురు దానిని గద్దరు పాటయనియే తలంతురు. పాట యొక నోటినుండి మఱియొక నోటికి వచ్చుచు నేమి పోగొట్టుకొనినది, ఏమి గడించినది? దీనిని తేల్చుట పండితకార్యము గాదా?

అమెరికాలో బాబ్ డిలన్ అను గాయకకవికి 2016లో సాహిత్యమున నోబెల్ బహుమానము లభించెను. ఆ సంవత్సరముననే ఆయన వ్రాతప్రతులు, ధ్వనిముద్రణలు మున్నగునవి టల్సా నగరమునకు చేరినవి. 2022లో అచట ప్రదర్శనకేంద్రము తెఱువబడెను. ఒకే పాటకు గల చిత్తుప్రతులను సరిపోల్చి, ఆయన కలము నడకను విద్వాంసులు చదువుచున్నారు. ధనసంపద విషయమున మన మా దేశముతో తూగజాలము; శ్రద్ధ విషయమున తూగుటకు అడ్డేమి?

ప్రచారగీతము సాహిత్యము గాదని కొందఱందురు. ఏ పాట లక్షల నోళ్ల నిలిచినదో, అది యేల నిలిచినదో చెప్పలేని సాహిత్యశాస్త్ర మెందులకు? పరిశోధన యన్న స్తోత్రమని మఱికొందఱి భ్రమ. 1985 నుండి 1990 వఱకు అజ్ఞాతవాసము, 1997 ఏప్రిల్ 6న తగిలిన తూటాలు, పిదప అంబేద్కరు భావములవైపు, బౌద్ధమువైపు మొగ్గు, 2018లో వోటు వేయుట - ఈ మలుపులను దాచక, ప్రతి మలుపునకును పాట యెట్లు మాఱెనో నిర్దాక్షిణ్యముగ తరచవలెను. ఆయనను దేవునిగ నిలుపుట, ద్రోహిగ తూలనాడుట - రెండును చదువునకు శత్రువులే.

కాలము మన కొఱకు నిలువదు. పాత క్యాసెట్ల టేపు బూజుపట్టి నశించుచున్నది. ఆయనతో వంత పాడినవారు, డప్పు వాయించినవారు వృద్ధులగుచున్నారు. విశ్వవిద్యాలయములు సంగీతజ్ఞుని, భాషావేత్తను, చరిత్రకారుని ఒక్కచోట కూర్చి యీ పనికి బూనవలెను. అంతవఱకు గ్రంథాలయములు చేతులు ముడుచుకొని యుండనేల? పాత క్యాసెట్లను, కరపత్రములను సేకరించి, పాడినవారి పేరు, ఊరు, సంవత్సరము, వరుస వ్రాసి భద్రపఱచుట చిన్న పఠనమందిరమునకును సాధ్యమే. పురస్కారము ఒక సాయంకాలపు వేడుక. పాట ముందు తరమునకు దక్కవలెనన్న నేడే కలము, ధ్వనిముద్రణ యంత్రము చేపట్టి పల్లెలకు పోవలెను.