కలిసేముందు అడిగిన హామీలే మన ‘లోకల్’ గడి

భాష కలిసినోళ్లంతా ఒకే రాజ్యం కావాలన్న కల మన ఒక్కరిదే కాదు. 1848లో ప్రాగ్‌లో స్లావ్ జాతుల మహాసభ జరిగింది. 1918లో దక్షిణ స్లావ్‌లు కట్టుకున్న దేశమే తర్వాత యుగోస్లావియా. 1991 నుంచి అది యుద్ధాలతో ముక్కలైంది. మన గొడవ మాత్రం ఎక్కువగా నీళ్లు, కొలువులు, సీట్ల చుట్టూ తిరిగింది.

గ్రూప్స్‌కి చదివేవాళ్లు తేదీలు బట్టీ పడతారు గానీ వెనకున్న భయాన్ని వదిలేస్తారు. 1937 నవంబర్ 16 శ్రీబాగ్ ఒడంబడికే చూడండి. మద్రాసు నుంచి విడిపోతే కోస్తా పెత్తనం కిందికి పోతామేమోనని సీమ నాయకుల అనుమానం. అందుకే నీళ్లకు, శాసనసభ సీట్లకు ముందే హామీ తీసుకున్నారు. రాజధానో హైకోర్టో సీమ కోరుకోవచ్చన్నారు. 1953లో కర్నూలు రాజధాని అయింది, మూడేళ్లకే అది హైదరాబాద్‌కి పోయింది! 1956లో తెలంగాణ నాయకులదీ అదే అనుమానం, అందుకే పెద్దమనుషుల ఒప్పందం. అది అమలు కాలేదని 1969లో అక్కడ, ముల్కీ నిబంధనలు వద్దని 1972లో ఇక్కడ ఉద్యమాలు. వాటి ఫలితమే 371డి అధికరణ, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు. మీ అప్లికేషన్‌లోని ‘లోకల్’ గడి పుట్టింది అక్కడే.

గుడిబండ సంగతి ఇంకో తమాషా. ఇక్కడ ఇంట్లో కన్నడ మాట్లాడేవాళ్లు బోలెడుమంది. పనికి బెంగళూరు బస్సెక్కుతాం, అక్కడి సర్కారు కొలువుకు మాత్రం బయటోళ్లం. హైదరాబాద్ కాలేజీల్లో పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువూ 2024 జూన్ 2తో తీరింది. మన దగ్గర లోకల్ అనిపించుకోవాలంటే, స్థూలంగా, పదో తరగతితో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారో చూస్తారు. తమ్ముణ్ణి పావగడ బడిలో వేసేముందు ఇంట్లో ఈ లెక్క చెప్పండి.