కల్కి వచ్చాడు, సిద్దయ్య రాలేదు



2024 జూన్ ఆఖరు. కర్నూల్లో ‘కల్కి 2898 ఏడీ’ చూసి మా చిన్నమ్మాయితో కలిసి హాలు బయటికి వచ్చాను. ఆటో ఎక్కాక అడిగింది: “అబ్బా, ఆ లోకంలో మనవాళ్ళు ఎవరు?”

జర్నలిస్టును కదా, జవాబు జేబులోనే ఉంటుంది. శంబాలలో శోభన వేసిన పాత్ర పేరు మరియం, రాజేంద్రప్రసాద్ పాత్ర పేరు రూమీ, “ఉన్నారు కదమ్మా” అన్నాను. పిల్ల ఊరుకోలేదు. “పేర్లున్నాయి అబ్బా. వాళ్ళ కథ యాడుంది?”

నిజమే. అశ్వత్థామకు ద్వాపరం నుంచి మోసుకొస్తున్న గాయం ఉంది, శాపం ఉంది, ఎదురుచూపు ఉంది. మరియంకు, రూమీకి ముందు కథ లేదు. దస్తర్‌ఖాన్ మీద పళ్ళెం పెట్టారు, సాలన్ వడ్డించలేదు.

అయితే నా షికాయత్ నాగ్ అశ్విన్ మీద కాదు. ఆయన తనకు తెలిసిన పురాణం తీసుకున్నాడు, తనకు నచ్చినట్టు 2898 దాకా లాగాడు, అందులో మన పేర్లకూ ఇంత చోటిచ్చాడు. మెహర్బానీ. అదే ఏడు సంక్రాంతికి ‘హనుమాన్’తో ప్రశాంత్ వర్మ తన సినిమాటిక్ యూనివర్స్‌ను మొదలుపెట్టాడు. అదీ ఆయన హక్కే. ఎవరి తాత కథ వాళ్ళు చెప్పుకుంటారు. మన తాతల కథ వాళ్ళెందుకు చెప్పలేదని వాట్సప్ గ్రూపుల్లో ఏడవడం నాకు భిక్షమెత్తడంలా కనిపిస్తుంది. నా గుస్సా మన మీద. మీ మీద, నా మీద.

ఎందుకంటే ఈ ‘యూనివర్స్’ అనే మాట మార్వెల్ వాళ్ళు పుట్టించింది కావచ్చు గానీ, ఆ పని మన బుజుర్గులు ఎప్పుడో చేసి పెట్టారు. లోకంలోని కథలన్నీ తెచ్చి ఒకే గుడారం కింద కూర్చోబెట్టారు. దాస్తాన్-ఎ-అమీర్ హంజా చూడండి. అరబ్బు వీరుడు, ఇరాను రాజులు, కోహ్-ఎ-ఖాఫ్ పరీలు, దేవ్‌లు, హిందుస్తాన్ జాదూగర్లు అందరూ ఒకే కథలో ఎదురుపడతారు. అక్బర్ బాద్షా దీనికి సుమారు 1,400 బొమ్మలు వేయించాడు, ఆ పని పదిహేనేళ్ళు పట్టింది. తర్వాత లక్నోలో ముహమ్మద్ హుసేన్ జాహ్, అహ్మద్ హుసేన్ ఖమర్ దాన్నుంచే ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’ను సంపుటాల కొద్దీ రాశారు. అందులో జాదూగర్ల షహన్‌షా పేరు అఫ్రాసియాబ్. ఎవరతను? ఫిర్దౌసీ షాహ్‌నామాలోని తూరాన్ రాజు. ఒక ఇతిహాసంలో నుంచి విలన్‌ను ఎత్తుకొచ్చి ఇంకో లోకానికి పాదుషాను చేశారు. 1883 నుంచి ఇదంతా అచ్చేసింది మున్షీ నవల్ కిషోర్. ఒక హిందూ పబ్లిషర్.

ఇంకా వెనక్కి రండి, మన దక్కన్‌కే. దఖ్నీలో మనకు దొరికిన మొట్టమొదటి మస్నవీ ‘కదమ్ రావ్ పదమ్ రావ్’. బహమనీల కాలంలో బీదర్‌కు చెందిన ఫఖ్రుద్దీన్ నిజామీ రాశాడు. కథేమిటి? ఒక రాజు, ఒక నాగరాజు, మంత్రం నేర్చి రాజు దేహంలో దూరే ఒక జోగీ. అంటే పరకాయ ప్రవేశం! మన జబాన్‌లో మొదటి పెద్ద కథ నాగులది, జోగులది. ‘గుల్-ఎ-బకావలీ’ ఖిస్సాలో పరీ వెళ్ళి నాట్యం చేసేది రాజా ఇందర్ కొలువులో, ఆమెను సగం రాయిగా మార్చేది ఆ ఇందర్ శాపమే. ఆ ఖిస్సాను ‘గుల్జార్-ఎ-నసీమ్’ పేరుతో ఉర్దూ మస్నవీగా రాసిన దయాశంకర్ నసీమ్ కశ్మీరీ పండితుడు. అమానత్ ‘ఇందర్ సభ’లో ఇంద్రుడి ముందు సబ్జ్ పరీ, లాల్ దేవ్, కాలా దేవ్ నిలబడతారు. స్వర్గం వాళ్ళది, పరీలు మనవి, పాటలు అందరివీ.

1962లో అమెరికాలో ఒక కామిక్ కంపెనీ థోర్ అనే ఉత్తరదేశపు పాత దేవుణ్ణి తెచ్చి సూపర్‌హీరోను చేసింది. సరిగ్గా అదే ఏడాది మన ఎన్టీఆర్ ‘గులేబకావళి కథ’ తీసి ఆ పువ్వు కోసం బయల్దేరాడు. తెలుగు జనం ఎగబడి చూశారు. ఇది సాయిబుల కథ అని ఎవరూ టికెట్టు వాపసివ్వలేదు.

తెలుగువాళ్ళ ఫాంటసీకి పునాది వేసిన చేతులు కూడా మన సీమవే. ‘పాతాళ భైరవి’ (1951) తీసిన కె.వి. రెడ్డిది తాడిపత్రి. నిర్మాత బి. నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. కాశీమజిలీ కథల తోటరాముడి చేతికి ఆ సినిమా అల్లావుద్దీన్ దీపంలాంటి ప్రతిమనిచ్చింది. ఆ నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మొదలుపెట్టిన ‘చందమామ’ అయితే దునియా మొత్తాన్ని తెచ్చి మా పిల్లకాయల ఒళ్ళో పోసింది. గ్రీకుల ఒడిస్సీ అందులో ‘రూపధరుని యాత్రలు’ అయింది. బడిలో అలిఫ్ బే రాసి, ఇంటికొచ్చి చందమామ కూడబలుక్కున్నవాణ్ణి నేను. నాకు తెలుగు నేర్పింది ఆ పత్రికే. తర్వాత తెలుగులో డిగ్రీ చేస్తానంటే మామూ నవ్వాడు గానీ, నాకైతే ఆ దారి బేతాళుడి చెట్టు కిందనే తెరుచుకుంది.

మరి ఇంత సరుకున్న ఇంట్లో పిల్ల “మనవాళ్ళు ఎవరు” అని అడగాల్సి ఎందుకొచ్చింది?

మనమే తలుపు మూశాం. ముప్పై ఏళ్ళ కిందట ఇళ్ళల్లో ఒక మాట మొదలైంది: ఇదంతా ఖురాఫాత్. జిన్నుల కథ ఖురాఫాత్, పరీల కథ ఖురాఫాత్, నానీ చెప్పేది టైం వేస్ట్. మంచి నీయత్‌తోనే అన్నారు, కాదనను. తౌహీద్ విషయంలో జాగ్రత్త ఉండాల్సిందే. అంబియాల మీద కల్పన అల్లకూడదు, కర్బలా కల్పన కాదు, సహాబాల పేర్లతో ఆడుకోకూడదు. హజ్రత్ హంజా (రజి) పేరును దాస్తాన్‌లో వాడుకోవడం మీద ఎతరాజ్ ఉన్నవాళ్ళ మాటను కూడా నేను కొట్టిపారెయ్యను. అఖీదా వేరు, ఖిస్సా వేరు. కానీ ఆ గీత గీసి ఊరుకోకుండా మనం ఖిస్సాను మొత్తంగా ఇంట్లోంచి వెళ్ళగొట్టాం.

వెళ్ళగొట్టి ఏం చేశాం? 2020 లాక్‌డౌన్ రంజాన్‌లో ‘ఎర్తుగ్రుల్’ ముందు కూర్చున్నాం. టర్కీ సీరియల్, ఉర్దూ డబ్బింగ్. తరావీ ఇంట్లో చదువుకుని రాత్రి రెండింటి దాకా ఎపిసోడ్లు. నేనూ చూశాను, దాచేదేముంది. అందులో ఇబ్నె అరబీ సరిగ్గా ఆపద వేళకు ప్రత్యక్షమై కరామత్ చూపిస్తే మాషా అల్లాహ్ అన్నాం. అదే మన అమీన్‌పీర్ దర్గా ముందు కూర్చున్న ముసలాయన పాత ముచ్చట చెబితే ఖురాఫాత్ అన్నాం. అనతోలియా గుర్రాలు మనవైపోయాయి, పెన్నా ఇసుక పరాయిదైపోయింది. ఏందబ్బా ఈ లెక్క?

సరే, ఆ గుర్రాలు దిగి మన జిల్లాల్లో ఒకసారి నడవండి. గండికోటలో పెన్నా కొండను కోసుకుపోయే లోయ పక్కన జామియా మసీదు, మాధవరాయ గుడి ఒకే కోట లోపల నిలబడి ఉన్నాయి. బెలుంలో భూమి కింద మూడు కిలోమీటర్లకు పైగా గుహ, దాని అట్టడుగున పాతాళగంగ. తిలిస్మ్ కోసం లక్నో పోవాల్నా? దేవుని కడపలో ఉగాది నాడు మన ఆడవాళ్ళు బెల్లం, చింతపండు, టెంకాయ పట్టుకుని గుడికి పోతారు. బీబీ నాంచారి మన ఇంటి పిల్ల, కాబట్టి వెంకటేశ్వరుడు మన అల్లుడు. ఇది దీన్‌కు సరిపడదని మీరంటారు, మసీదులో ఇమాం సాబ్ కూడా అంటాడు. పోవద్దంటే పోకండి, ఆ బహస్ వేరే. కానీ ఒక పాదుషా కూతురు ఏడుకొండలవాణ్ణి వెతుక్కుంటూ దక్కన్ దాటి వచ్చిన కథను ఇక్కడి జనం అల్లుకున్నారు. దాన్ని కథగానైనా మన పిల్లలకు చెప్పకపోతే, రేపు ఎవడో చెబుతాడు, వాడి ఇష్టమొచ్చినట్టు చెబుతాడు. సుర్మా పెట్టుకుని, పచ్చి మాంసం పీక్కుతినే పాదుషాలు తప్ప మనవాళ్ళు ఇంకెవరూ తెర మీద మిగలకపోతే అప్పుడు ప్రెస్‌మీట్ పెట్టి ఏం లాభం?

ఇక సిద్దయ్య. కల్కి కథకు మన జిల్లాల్లోనే ఒక రూపం ఉంది. బనగానపల్లె దగ్గర రవ్వలకొండలో కాలజ్ఞానం రాసిన వీరబ్రహ్మం, వీరభోగ వసంతరాయలుగా మళ్ళీ వస్తానని చెప్పాడని జనం నమ్మకం. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో ఆయన మఠం ఉంది. ఆయన శిష్యుల్లో అందరికన్నా ముందు గుర్తొచ్చేది దూదేకుల ఇంట పుట్టిన సిద్దయ్య. నవాబు పిలిచి నిలదీస్తే సిద్దయ్య ఒక బండకు సలాం చేశాడని, ఆ సలాంకు బండ పగిలిపోయిందని చెబుతారు. ఏ మార్వెల్ రచయితకైనా ఇచ్చి చూడండి ఈ సీను! 1984లో ఎన్టీఆర్ బ్రహ్మంగారి చరిత్ర తీసినప్పుడు బాలకృష్ణ సిద్దయ్య వేశాడు. నలభై ఏళ్ళ తర్వాత దాదాపు 600 కోట్లు పెట్టి తీశారంటున్న కల్కిలో రాబోయేవాడున్నాడు, రాక్షసులున్నారు, మాట్లాడే కారుంది. సలాంతో బండను పగలగొట్టినవాడు లేడు. వాళ్ళు మరిచిపోయారంటే అర్థముంది. మన దూదేకుల పిల్లల్లోనే ఎంతమందికి ఆ పేరు తెలుసు? నాకు తెలిసిన ఒక ఇంట్లో అడిగితే, సిద్దయ్య అంటే హిందువు కదా అన్నాడు ఇంటర్ చదివే అబ్బాయి.

అందుకే కథలు రాయమని అడుగుతున్నాను. తెలుగులో రాయండి, దఖ్నీలో చెప్పి ఫోన్లో రికార్డయినా చెయ్యండి. ముందు ఇంట్లో ముసలివాళ్ళ దగ్గర కూర్చోండి. ఈ తొందర ఎందుకో కూడా చెబుతా.

మా నానీకి చదువు రాదు. కర్నూలు పాతబస్తీలో, ఎండాకాలం మిద్దె మీద, అమర్ అయ్యార్ కథ చెప్పేది. అతని దగ్గర జంబీల్ అనే సంచి ఉంటుంది, ఊళ్ళకు ఊళ్ళే అందులో పడతాయి. నానీ కథలో అమర్ కొండారెడ్డి బురుజును మడిచి ఆ జంబీల్‌లో పెట్టుకుని పోయాడు. గద్వాల దాకా ఉందని ఊరంతా చెప్పుకునే సొరంగం ఉంది కదా, బురుజు లేచేసరికి దాని మూత తెరుచుకుంది. లోపల కాలా దేవ్ నిద్రపోతున్నాడు, ఒక చెంచు పిల్ల దీపం పట్టుకుని మెట్లు దిగుతోంది. అక్కడికి వచ్చేసరికి నానీ “మిగతాది రేపు” అనేది. రేపటికి నాకు క్రికెట్ ఉండేది. తర్వాత పరీక్షలు, తర్వాత ఉద్యోగం. 2009లో నానీ ఇంతెఖాల్ అయింది.

బురుజు మళ్ళీ దాని చోటుకి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. అమ్మీని అడిగాను, ఖాలాలను అడిగాను, ఎవరికీ గుర్తులేదు. కర్నూలు, నంద్యాల, ఆదోని వైపు మీ ఇళ్ళల్లో ఎవరైనా ఈ ఖిస్సా విని ఉంటే నాకు రాయండి. మా అమ్మాయి అడుగుతోంది.