గట్టి కాయ సరే, పులుపు ఏదీ?

ఖాజాగూడలో బండి మీద టమాటాను నొక్కి చూడకుండా ఎవరు కొంటారు? మెత్తబడితే ధర పడిపోతుంది, ఆ దెబ్బ తగిలేది మదనపల్లె రైతుకే. కాయ పండేటప్పుడు కణాల గోడల్లోని పెక్టిన్‌ను ఎంజైములు కరిగిస్తాయి. వాటిలో ఒకదాన్ని అణచి 1994లో అమెరికాలో ఫ్లేవర్ సేవర్ టమాటా తెచ్చారు. అనుకున్నంత గట్టిపడలేదు, 1997 కల్లా అంగళ్లలో లేకుండా పోయింది. 'రిన్' జన్యువు ఒక పక్క నుంచి వచ్చిన సంకర కాయ నిల్వ ఉంటుంది గానీ రంగు, వాసన తగ్గుతాయి. అది చారుకేం పనికొస్తుంది చెప్పండి! 2016లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ శాస్త్రవేత్తలు పెక్టేట్ లయేజ్ జన్యువును ఆపి, మిగతా లక్షణాలు పెద్దగా చెడకుండానే కాయను గట్టిపరిచారు. ఖాజాగూడకు దగ్గర్లోనే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో టమాటా జన్యు వనరుల భాండాగారం ఉంది. పుల్లని నాటు టమాటాకు ఆ గట్టిదనం తెమ్మని వారిని అడగాలి. విత్తనం మాత్రం ఏటా కొనే సంకరం కాకుండా రైతు ఇంట్లో దాచుకునేదై ఉండాలి.