ఊ కొట్టే పిల్ల కథ చెప్పాలి

రాత్రిపూట పిల్లలకి చెప్పే కథల గురించి హక్కుల పత్రికలో చర్చించాల్సినంత ఏముందని కొందరికి అనిపించవచ్చు. కానీ మాట్లాడటం, ప్రశ్నించటం, కాదనటం పిల్లలకి మొదట అలవాటయ్యేదీ, అలవాటు కాకుండా పోయేదీ ఇంట్లోనే. మన ఇళ్లలో కథ చెప్పేది పెద్దవాళ్లు, ఊ కొట్టేది పిల్లలు. ఊ ఆగిపోతే పిల్ల నిద్రపోయిందని అర్థం. ఈ పద్ధతిలో ఎంతో ఆప్యాయత ఉంది. అయితే కథ ఎటు పోవాలో నిర్ణయించే అధికారం మాత్రం ఎప్పుడూ చెప్పేవాళ్లదే.

ఆడపిల్ల విషయంలో ఈ 'ఊ' చాలా దూరం వెళుతుంది. పెళ్లి సంబంధం కుదిర్చేటప్పుడు 'పిల్లనడిగాం, ఊ అంది' అంటారు. ఆ మాత్రం కూడా అనకపోతే మౌనం అర్ధాంగీకారం అంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. కథలు చెప్పుకుంటే బాల్యవివాహాలు ఆగిపోతాయని కాదు. వాటి వెనక పేదరికం, కట్నం, దగ్గర్లో పై చదువు లేకపోవటం, పరువు భయం ఉన్నాయి. కానీ పదిహేనేళ్ల పిల్ల ఉన్నట్టుండి 'నాకిష్టం లేదు' అనాలని ఆశించే మనం, ఐదేళ్ల వయసులో ఆ పిల్లకి దేన్ని కాదనే అవకాశం ఇచ్చాం?

పిల్లతో కలిసి కథ అల్లటం అలాంటి అవకాశమే. దానికి కొత్త కథే కానక్కర్లేదు. అందరికీ తెలిసిన ఏడు చేపల కథనే తీసుకోండి. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెస్తారు. ఒక చేప ఎండదు. తప్పు గడ్డిమేటు మీదికి, ఆవు మీదికి, పాలేరు మీదికి పోయి, అతనికి బువ్వ పెట్టని అవ్వ దగ్గరికి వస్తుంది. పిల్లవాడు ఏడ్చాడు కాబట్టి పెట్టలేదంటుంది అవ్వ. చివరికి పిల్లవాణ్ణి కుట్టిన చీమ దగ్గర కథ ముగుస్తుంది. అవ్వ దగ్గరికి రాగానే ఆగి, 'ఇప్పుడేం చేద్దాం, నువ్వు చెప్పు' అని అడగండి. ఏడ్చే పిల్లవాణ్ణి పాలేరు ఎత్తుకోవచ్చు గదా అనవచ్చు ఒక పిల్ల. రాజుగారి కొడుకులు ఏం చేస్తున్నారు అని ఇంకో పిల్ల అడగవచ్చు. రాజుకి కూతుళ్లే లేరా అనే ప్రశ్న కూడా రావచ్చు. ఏమీ రాకపోయినా ఫరవాలేదు. తొందరపెట్టకండి. అడిగితే ఆగి వినేవాళ్లున్నారని పిల్లకి తెలియటమే మొదటి మెట్టు. మర్నాడు రాత్రి పిల్ల ఆపిన చోటునుంచే కథ ఎత్తుకోండి.

ఇక్కడ పని భారం గురించి మాట్లాడకపోతే అన్యాయమవుతుంది. కథలోని అవ్వకి రెండు పనులు. పాలేరుకి అన్నం పెట్టాలి, పిల్లవాణ్ణి సముదాయించాలి. ఈనాటి తల్లి పరిస్థితీ అంతే. 2024 కాల వినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి ఖర్చు పెడుతుంటే, ఇంటిపని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. అంట్లు తోమి, నీళ్లు పట్టి, బీడీల లెక్క పూర్తిచేసి నడుం వాల్చే స్త్రీతో 'ఇక పిల్లకి కథ చెప్పు' అనటం మరో బరువు మోపటమే. కాబట్టి తల్లి ఒక్కర్తీ చెయ్యాల్సిన పని కాదిది. తండ్రి చెయ్యాలి, తాత చెయ్యాలి, అన్న చెయ్యాలి. 'ఆ తరవాత ఏమైంది, నువ్వు చెప్పమ్మా' అని కూతుర్ని అడిగి వినే తండ్రి, మగవాడి మాటే చివరి మాట అనే పాఠాన్ని ఇంట్లోనే కొంత చెరిపేస్తాడు. ఆ మాట వింటూ పెరిగే కొడుక్కి కూడా అది చదువే.

కార్యకర్తలుగా మనం జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటుంది. పాత నీతి తీసేసి ఆ స్థానంలో మన నీతిని పెట్టాలనిపిస్తుంది. ప్రతి కథలోనూ అమ్మాయి చదువుకుని కలెక్టరు కావాలనిపిస్తుంది. పిల్ల మాత్రం రాకుమార్తెకి నగలు పెట్టి పెళ్లి చేస్తానంటుంది. చెయ్యనిద్దాం. 'రాకుమార్తెని ఎవరన్నా అడిగారా?' అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకుందాం. తనకి సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు బిడ్డకి ఉందనీ, వయసునీ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలనీ 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతోంది. భారతదేశం దాన్ని 1992 డిసెంబరులో ఆమోదించింది. మనకి నచ్చిన అభిప్రాయాలకే విలువ అని అందులో లేదు.

కథ చిన్న విషయమనుకునేవాళ్లకి దూబగుంటని గుర్తుచెయ్యాలి. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతులకి వచ్చిన స్త్రీలు తాగుబోతు మొగుడి వల్ల బతుకు నాశనమైన సీతమ్మ కథ చదివారు. చదివి ఊ కొట్టి ఊరుకోలేదు. మన ఊళ్లో సంగతేమిటని చర్చించుకున్నారు, సారా దుకాణం మూయించారు. 1992లో అలా రగిలిన ఉద్యమం 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం తెచ్చింది. కథ ముగింపు తమ చేతిలో ఉందని ఆ స్త్రీలు పెద్దయ్యాక, ఎన్నో దెబ్బలు తిన్నాక తెలుసుకున్నారు. మన పిల్లలు అంతకాలం ఆగాల్సిన పనిలేదు.

అంగన్‌వాడీల్లో, బాలికల హాస్టళ్లలో, సంఘం సమావేశాలకి తల్లుల వెంట వచ్చి ఓ మూల కూర్చునే పిల్లల దగ్గర ఈ పని మొదలుపెట్టొచ్చు. దానికి నిధులక్కర్లేదు, శిక్షణా అక్కర్లేదు. కథ కంచికి పంపేముందు ఒక్కసారి ఆగి, ఏ దారిన పంపాలో పిల్లనడిగితే చాలు.